మా ప్రాసెసర్‌ను ఉరికించిన మిల్లు ఫిట్టర్

సూర్యాపేటలో మేము ఎప్పుడూ సామాను కొనే కంప్యూటర్ షాపాయన కొత్త మెషిన్ మూతకు స్క్రూలు బిగిస్తూ నాకు ధైర్యం చెబుతున్నాడు.

"ఇప్పటి ప్రాసెసర్లకు మనం చెయ్యాల్సింది ఏం లేదమ్మా. పనెక్కువైతే వాటంతటవే స్పీడ్ పెంచుకుంటయ్. వేడెక్కితే వాటంతటవే తగ్గుతయ్."

అది 2014 వానాకాలం. బయట సన్నగా తుంపర పడుతోంది. కోదాడ బస్సు పోతుందేమోనని గడియారం చూసుకుంటూ, "మిర్యాలగూడ అన్న వింటే ఒప్పుకోడు ఈ మాట" అన్నాను.

ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. "మీకు తెల్వదా? ఎండాకాలంల పోయిండు గద. గుండెకొచ్చింది. దవాఖానకు తీస్కపొయ్యే లోపల్నే ఖతం."

మెషిన్ సిద్ధమయ్యేదాకా కూర్చోమని స్టూలు జరిపాడు. కూర్చోలేకపోయాను. షాపు ముందు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాను. నాలుగైదుసార్లు తిరిగాక గాని తట్టలేదు, అది ఆయన నడక అని.

ఆయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఫిట్టర్. మోటార్లు, బేరింగులు, బెల్టులు ఆయన పని. పేరు రాయను. ఎవరైనా పేరు పెట్టి పొగిడితే అక్కడి నుంచి వెళ్ళిపోయేవాడు, ఇప్పుడు మాత్రం ఎందుకు ఇబ్బంది పెట్టాలి. కూతురి చదువు కోసమని 2003లో ఇంట్లో కంప్యూటర్ కొన్నాడట. ఆ పిల్ల దాని మీద ఏం చదివిందో గాని, ఈయన మాత్రం దాని మూత విప్పి మళ్ళీ సరిగ్గా బిగించింది లేదు.

మాకు హుజూర్‌నగర్ ఫొటోగ్రాఫర్ ఒకాయన చెబితే ఈయన గురించి తెలిసింది. మా ఆయన పెళ్ళిళ్ళకు వీడియో తీసేవాడు. నేను కోదాడలో ఇంట్లోనే కూర్చుని వాటిని కత్తిరించి, పాటలు కలిపి, సీడీలు చేసేదాన్ని. దాన్ని మిక్సింగ్ అనేవాళ్ళం. 2006 మాఘమాసంలో, సరిగ్గా ముహూర్తాలు ముంచుకొచ్చిన వేళ, మా కంప్యూటర్ పని మధ్యలో దానంతటదే ఆగిపోవడం మొదలుపెట్టింది. ఎనిమిది గంటలు నడిచి తొమ్మిదో గంటలో ఆగితే, మళ్ళీ మొదటి నుంచి. ఏడుపొచ్చేది.

కబురు పెడితే ఒక ఆదివారం పొద్దున్నే ఈ ఫిట్టర్ చేతిసంచితో మా గుమ్మంలో నిలబడ్డాడు. నలభై అయిదేళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా, కనుబొమల మీద కూడా తవుడు దుమ్ము ఉన్నట్టుండే మనిషి. నమస్కారం పెట్టకముందే వెళ్ళి కంప్యూటర్ డబ్బా మీద అరచెయ్యి పెట్టాడు. చంటిపిల్ల నుదురు ముట్టుకున్నట్టు.

"ఫ్యాన్ ఏడుస్తుంది" అన్నాడు. అప్పుడు మా వైపు తిరిగి, "నమస్తే చెల్లె" అన్నాడు.

మా అత్తమ్మ టీ తెచ్చి, కూర్చో నాయనా అని మూడుసార్లు అని, నాలుగోసారి మానేసింది. ఆయన టీ గ్లాసుతో గదిలో ఆ గోడకూ ఈ గోడకూ తిరుగుతూనే తాగాడు. "కూసుంటే కాళ్ళు నొస్తయ్ పెద్దమ్మా. నిలబడితే నొయ్యవ్" అన్నాడు.

వేడి తగ్గాలని మేము డబ్బా పక్కమూత తీసేసి టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టుకున్నాం. ఆయన ముందు ఆ ఫ్యాన్ తీయించాడు. మా ఇల్లు హైవేకు దగ్గర. లారీల దుమ్మంతా లోపల పత్తికాయ పగిలినట్టు పేరుకుని ఉంది. రంగులేసే బ్రష్‌తో గంటసేపు దులిపాడు. ప్రాసెసర్ మీదుండే అల్యూమినియం దిమ్మె ఊడదీసి, దాని కింద ఎండిపోయి సున్నంలా మారిన పేస్టు తుడిచి, బియ్యపు గింజంత కొత్త పేస్టు పెట్టాడు.

"ఇంకొంచెం పెట్టు అన్నా" అన్నాను.

"ఎక్కువైతే అదే అడ్డం పడతది. రెండు లోహాలు ఒకదాన్నొకటి తాకాలె. సందులు నిండనీకె ఇది, అంతే." మూత బిగించి, "గాలి ముందలకెల్లి రావాలె, ఎన్కకెల్లి పోవాలె. మూత తీస్తే దానికి తొవ్వ తెల్వదు" అన్నాడు.

ఖాళీగా ఉన్నప్పుడే అరవై ఎనిమిది డిగ్రీలు చూపించే ప్రాసెసర్ నలభై తొమ్మిదికి దిగింది. మా ఆయన సంతోషపడి, ఇంక స్పీడ్ పెంచమన్నాడు. అప్పుడు మొదలైంది అసలు పని.

స్విచ్ వేయగానే వచ్చే నీలం తెర తెరిచి, ఒక అంకె మీద వేలు పెట్టి నాకు చెప్పాడు. "ఇది అసలు గడియారం. రెండు వందలున్నది. ప్రాసెసర్ దీనికి పదమూడింతలు ఉరుకుతది. ఆ పదమూడుకు కంపెనోడు తాళమేసిండు. గడియారం ఒక్కటే మన చేతిల ఉన్నది. కాని దీన్ని పెంచితే మెమరీ గూడ దీని ఎంబడే ఉరుకుతది. దానికంత దమ్ము లేదు. అందుకే ముందుగాల మెమరీని ఒక మెట్టు దించుత. గడియారం పెరిగినంక అది మళ్ళ తన జాగ దగ్గరికే వస్తది."

రెండు వందల అయిదు పెట్టాడు. కంప్యూటర్‌కు ఒక బరువైన లెక్కల పని అప్పగించి అరగంట వాకిట్లో తిరిగాడు. వచ్చి వేడి చూసి, నోటుబుక్కులో రాసుకున్నాడు. రెండు వందల పది. మళ్ళీ అరగంట. నాకు కాళ్ళు కాలుతున్నాయి. లోపల రెండు పెళ్ళిళ్ళ పని ఉంది.

"ఒకేసారి రెండు వందల ముప్పై పెట్టి చూడరాదా అన్నా? అయితే అయింది, లేకపోతే లేదు."

"ఎంత ఉరుకుతదో అడుగు చెల్లె. ఉరకమని కొట్టకు" అన్నాడు.

రెండు వందల ఇరవై అయిదు దగ్గర తెర బిగుసుకుపోయింది. మాకు భయమేసింది. ఆయన ముఖం మాత్రం విప్పారింది. "చెప్పింది" అన్నాడు. వెనక్కి వచ్చి రెండు వందల పదిహేను దగ్గర ఆపాడు. ఇరవై దగ్గరైనా ఆగొచ్చు కదా అన్నాడు మా ఆయన. "ఇది మాఘం. వైశాఖంల ఇదే గదిల ఇంకో పది డిగ్రీలు ఎక్కువుంటది. ఆ పది ఇప్పుడే లెక్కల పెట్టుకోవాలె." కరెంటు ఓల్టేజీ పెంచితే ఇంకా ఉరుకుతుందట గదా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. "ఉరుకుతది. వేడి గూడ అంతకంటె జోరుగ పెరుగుతది. మన ఊళ్ళ ఎండకు అది వద్దు."

ఒక రోజంతా పోయాక తొమ్మిది గంటల పని ఎనిమిది గంటల చిల్లరలో అయిపోతోంది. ఇంత చేసి ఇంతేనా అనిపించింది నాకు. కానీ ఆ తర్వాత అది మధ్యలో ఒక్కసారి కూడా ఆగలేదు.

అప్పటి నుంచి ఫోన్లు చేసేవాడు. బాగున్నరా అని అడగడు. "ఎంతున్నది?" అంటాడు. అంటే ప్రాసెసర్ ఎన్ని డిగ్రీలు అని. యాభై ఆరు అంటే "మంచిది" అని పెట్టేస్తాడు. మా అత్తమ్మకు జ్వరమొచ్చిన రోజు ఫోన్ చేసి అలాగే అడిగితే నేను నూట రెండు అన్నాను. అవతల అంత కంగారుపడిన గొంతు మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

నేను కూడా స్థిమితంగా ఉండే మనిషిని కాదు. వైశాఖంలో పెళ్ళిళ్ళు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆ మెమరీ మెట్టు నా బుర్రలో తొలుస్తూ ఉంది. ఒక మెట్టు కింద ఉంది కదా, ఊరికే పోతున్నట్టే కదా అని. ఒక మధ్యాహ్నం నీలం తెర తెరిచి దాన్ని పాత మెట్టుకే ఎక్కించాను. మెషిన్ చక్కగా లేచింది. చురుకుగా కూడా అనిపించింది. వేడి ఏమీ పెరగలేదు. ఆయన ఫోన్ చేసి "ఎంతున్నది?" అంటే యాభై ఎనిమిది అని నిజమే చెప్పాను. మిగతాది చెప్పలేదు.

ఆ నెలలోనే హుజూర్‌నగర్‌లో ఒక పెళ్ళి చేశాం. క్యాసెట్లలోని వీడియో అంతా కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాం. అప్పట్లో అందరం చేసినట్టే, ఆ క్యాసెట్ల మీదే మరుసటి వారం ఇంకో పెళ్ళి తీసేశాం. పెళ్ళయిన ఇరవై రోజులకు ఆ పెళ్ళికూతురి తండ్రి రోడ్డు ప్రమాదంలో పోయాడు. తల్లి ఫోన్ చేసింది.

"ఆయన నడిచేది, మాట్లాడేది ఇంకెక్కడా లేదమ్మా. ఫొటోలే ఉన్నయ్. మీ దగ్గరున్నదే. జర తొందరగ చెయ్యి" అంది.

ఆ సాయంత్రమే తెరిచాను. మంటపం బాగానే ఉంది. తలంబ్రాలు బాగానే ఉన్నాయి. అప్పగింతల దగ్గరికి వచ్చేసరికి బొమ్మ నిండా పచ్చటి గళ్ళు, గొంతుల్లో కీచుమని అరుపు. తండ్రి కూతురి చేతులు పట్టుకుని ఏదో చెబుతున్నాడు. ముఖం ముక్కలై పోతోంది, మళ్ళీ వస్తోంది, మళ్ళీ ముక్కలవుతోంది. ఆ నాలుగు నిమిషాలూ ఎన్నిసార్లు నడిపినా అంతే.

మిర్యాలగూడ అన్నకు ఫోన్ చేస్తే మరుసటి రోజు మిల్లుకు సెలవు పెట్టి వచ్చాడు. డబ్బా మీద చెయ్యి పెట్టాడు. చల్లగానే ఉంది. నీలం తెర తెరిచి చాలాసేపు చూశాడు.

"మెట్టు ఎవరు మార్చిన్రు?"

నేనే అన్నాను.

కోప్పడతాడనుకున్నాను. గోడ దాకా నడిచి వెనక్కి వచ్చాడు. "వేడి చేతికి తెలుస్తది చెల్లె. మెమరీ తప్పు తెల్వదు. ఆగిపోతే మంచిదే, మనకు తెలుస్తది. ఇది ఆగకుంట తప్పు రాసుకుంట పోయింది" అన్నాడు. తర్వాత తనలో తను అనుకున్నట్టు, "నేను గూడ వేడి గురించే అడిగిన" అన్నాడు.

హార్డ్ డిస్క్ విప్పుకుని తువ్వాలలో చుట్టి మిర్యాలగూడకు తీసుకెళ్ళాడు. వారం తర్వాత ఉండబట్టలేక నేనే వెళ్ళాను. మిల్లుల వెనక వీధిలో రెండు గదుల ఇల్లు. ఊక బూడిద గాలికి వచ్చి కిటికీ చువ్వల మీద నల్లగా కూర్చుని ఉంది. గోడకు ఒక పాడైన మదర్‌బోర్డు మేకుకు వేలాడుతోంది. ఎయిర్ కూలర్ గాలిని గొట్టంతో కంప్యూటర్ డబ్బా లోపలికి పంపితే చల్లగా ఉంటుందని ఒక వేసవిలో చేశాడట. తడిగాలికి నీళ్ళు పట్టి కాలిపోయిందట. పారేయమంటే వినడని వాళ్ళావిడ చెప్పింది.

ఆవిడ నన్ను గుమ్మం దగ్గరే ఆపి, లోపలికి చూపించింది. ఆయన కూర్చుని ఉన్నాడు. తెరకు జానెడు దూరంలో, కదలకుండా.

"వారం దినాల సంది గిట్లనే. డ్యూటీ నుంచి అచ్చుడు, దాని ముందల కూసునుడు. పెండ్లయిన కాన్నుంచి నేనెన్నడు సూడలే" అంది గుసగుసగా.

సెకనుకు ఇరవై అయిదు బొమ్మలు. నాలుగు నిమిషాలంటే ఆరు వేలు. ఒక్కొక్క బొమ్మనే ఆపి, చూసి, బాగున్నవి ఏరుతున్నాడు. మధ్యలో ఒకటి రెండు చెడితే ముందుదాన్నే కాస్త సాగదీసి అతుకుతున్నాడు. తన మెషిన్‌ను ఎంతో ముచ్చటగా ఉరికించుకున్న మనిషి, ఈ పని కోసం దాన్ని కంపెనీ ఇచ్చిన వేగానికే దించేశాడు. నేను వచ్చింది చూసి కూడా లేవలేదు. "మొగం దొరుకుతుంది. మాట అంతట దొరుకుత లేదు" అన్నాడు.

ఆఖరికి రెండు నిమిషాలకు పైగా నిలిచింది. మాట మూడు చోట్ల మాత్రమే వినబడింది.

సీడీ ఇవ్వడానికి నేను కోదాడ నుంచి, ఆయన మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ వెళ్ళాం. మా ఆయన ఆ రోజు వేరే పెళ్ళిలో ఉన్నాడు. బస్టాండు నుంచి వాళ్ళింటికి నడుస్తున్నాం. ఎప్పటిలా ఆయన ముందు, నేను వెనక పరుగు.

"అన్నా, క్యాసెట్టే చెడిపోయిందని చెబుదాం. వాళ్ళకేం తెలుస్తుంది" అన్నాను.

ఆయన ఆగాడు. రోడ్డు పక్క ఎరువుల దుకాణం నీడలోకి జరిగి, నా వైపు చూడకుండా చెప్పాడు.

"పదిహేనేండ్ల కింద సంగతి. సీజన్ల వడ్లు గుట్టలు పడ్డయ్. జల్ది కావాలని మోటరుకు పెద్ద చక్రం నేనే ఏసిన, మిషిన్ జోరుగ తిరగాలని. ఎవ్వరికి చెప్పలే. షిఫ్టు దిగి ఇంటికి పోయిన. నా తర్వాత ఆపరేటర్ ఒకాయన ఉండె. ఆయన ఉండంగ బేరింగ్ కాలి బెల్టు అంటుకున్నది. నువ్వు సూసుకోలే అని ఆయన్ను పనిల కెల్లి తీసేసిన్రు. అందరి ముందల నిలబెట్టిన్రు. ఆయన ఒక్కసారి నా దిక్కు సూసిండు. నేను చక్రం మాట ఎత్తలే."

"ఆయన ఇప్పుడెక్కడున్నాడు?"

"ఆత్మకూరు దిక్కు. గొర్లు కాసుకుంటుండని విన్న." మళ్ళీ రోడ్డు మీదికి నడుస్తూ అన్నాడు, "నువ్వు చెప్పకుంటే నేను చెప్త. కాని నువ్వు చెప్తేనే నీకు మంచిది."

ఆ ఇంట్లో తల్లి, కూతురు, మేనమామ ఉన్నారు. నిలబడే చెప్పాను. వేగం కోసం నేనే ఒక మార్పు చేశానని, దాంతో వీడియో చెడిందని, ఈయన కూర్చుని మిగిలినంత ఏరాడని. మేనమామ ముఖం ఎర్రబడింది. "మీ జల్దికి మా బావ ముఖం దొరికిందా?" అన్నాడు. మిర్యాలగూడ అన్న గుమ్మం బయటే ఉన్నాడు. తలుపు చెక్కను పట్టుకున్న వేళ్ళు మాత్రం కనబడుతున్నాయి.

తల్లి తమ్ముణ్ణి ఆపి, సీడీ పెట్టమంది. తండ్రి నడిచి వచ్చాడు. కూతురి చేతులు పట్టుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. ఉన్నట్టుండి గొంతు వచ్చింది.

"ఆకలైతే అడుగు బిడ్డా. మొగమాటపడకు."

మళ్ళీ మౌనం. ఆ అమ్మాయి దాన్ని వెనక్కి తిప్పింది. మళ్ళీ తిప్పింది. నాలుగోసారికి మేనమామ లేచి బయటికి వెళ్ళి, గుమ్మం దగ్గరున్న మనిషిని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. నాతో మాత్రం మాట్లాడలేదు. అది న్యాయమే.

ఆ తర్వాత మా మెషిన్‌ను కూడా మామూలు వేగానికి దించమన్నాను. "ఎందుకు? అది తప్పు చెయ్యలే. మెమరీ మెట్టు దించి, రెండు వందల పదిహేనుల ఉంచు" అన్నాడు. అలాగే ఉంచాం. ఇంకో మూడేళ్ళు నడిచింది. ఈలోగా మా పనులు పెరిగాయి, ఫోన్ నంబర్లు మారాయి. కొత్త మెషిన్లు వచ్చాయి. ఆయన ఫోన్లు తగ్గాయి. ఒకసారి మిర్యాలగూడ బస్టాండులో కనబడి, "ఎంతున్నది?" అన్నాడు. చూడలేదన్నా అన్నాను. "సూస్తుండాలె" అంటూ జనంలోకి వెళ్ళిపోయాడు. చివరిసారి చూసింది అదే.

సూర్యాపేటలో కబురు విన్న నాలుగో రోజు మిర్యాలగూడ వెళ్ళాను. కూతురు ఉద్యోగంలో ఉంది, ఇంట్లో వాళ్ళావిడ ఒక్కతే. మంచినీళ్ళిచ్చి, నా ఎదురుగా గడప మీద కూర్చుంది.

"హుజూర్‌నగర్ నుంచి అచ్చినంక ఒక్క వారం ఆగిండు. ఆదివారం ఆత్మకూరు పోయిండు" అంది.

"ఆ ఆపరేటర్ దగ్గరికా వదినా?"

"ఊ. గొర్ల దొడ్డి కాడ దొరికిండట. చక్రం నేనే ఏసిన, నీ మీదికి అచ్చింది అని చెప్పిండట."

"ఆయనేమన్నాడు?"

"నాకు గప్పుడే తెలుసు అన్నడట. పొద్దుగాల షిఫ్టు ఎక్కంగనే చక్రం సూసిన అన్నడట. మరి ఎందుకు చెప్పలే అని ఈయన అడిగిండట." ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నీ ఇంట్ల నెలల పిల్ల ఉండె గద అన్నడట."

బయట మిల్లు లారీ ఒకటి వీధి మలుపు తిరగలేక ముందుకూ వెనక్కూ అవుతోంది.

"ఆ దినం ఆత్మకూరు నుంచి సూర్యాపేట దాంక నడుసుకుంటనే అచ్చిండు. పక్కపొంటి బస్సులు పోతనే ఉన్నయట" అంది ఆవిడ. "ఒక్కటి గూడ ఆపబుద్ధి కాలేదన్నడు."